బొమ్మకూ శిల్పానికీ మధ్య గోడ ఎవరు కట్టారు?

ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చేరిన విద్యార్థి త్వరలోనే ఒక దారి ఎంచుకోవాలి. పెయింటింగ్ ఒక శాఖ, శిల్పం ఇంకో శాఖ. గదులు వేరు, పనిముట్లు వేరు, మార్కులు వేసే సార్లు వేరు. రెంటినీ కలిపి పనిచేసే విద్యార్థిని చూసి ‘ప్రయోగం చేస్తున్నాడు’ అంటారు. ఆ మాటలో మెచ్చుకోలు ఎంత ఉంటుందో అనుమానమూ అంతే ఉంటుంది. గూడెం నుంచి వచ్చిన పిల్లలకు మాత్రం ఈ మాట వింతగా వినిపించాలి. మన ఇళ్లలో, మన జాతరల్లో రంగూ రూపమూ ఎప్పుడూ వేరుపడలేదు.

నాయకపోళ్ల ముఖాలనే చూడండి. తేలిక కొయ్యను చెక్కి లక్ష్మీదేవరను, పాండవులను చేస్తారు. చెక్కినంత మాత్రాన అది దేవర కాదు. రంగు పడాలి, కళ్లు తీర్చాలి, మనిషి దాన్ని ధరించి ఆడాలి. అందులో శిల్పం ఎక్కడ ఆగింది, చిత్రం ఎక్కడ మొదలైంది? శ్రీకాకుళం కొండల్లో సవరలు గోడబొమ్మ వేసే ముందు గోడను ఎర్రమట్టితో అలుకుతారు. ఆ మట్టి మీద బియ్యప్పిండితో గీస్తారు. అక్కడ గోడ కూడా బొమ్మలో భాగమే.

ఇంకా గట్టి ఉదాహరణ ఆదిలాబాద్ ఓజలది. జైనూరు మండలం ఉషేగాం వంటి ఊళ్లలో వాళ్లు చేసే ఇత్తడి పనిని బయటివాళ్లు డోక్రా అంటారు. మట్టి ముద్ద మీద సన్నని మైనపు తీగలు చుట్టి, వాటితోనే ముక్కు, కన్ను, నగ, నెమలి తీరుస్తారు. పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన దారిలో ఇత్తడి పోస్తారు. ఆలోచించి చూస్తే ఓజ చేసే మొదటి పని గీత గీయడమే. ఆ గీత తర్వాత లోహమవుతుంది. మట్టి అచ్చు పగలగొట్టి బొమ్మను తీస్తారు కాబట్టి అదే అచ్చులో రెండో బొమ్మ రాదు.

ఇంత ఉన్నా ఈ పనికి పడిన పేరు ‘హస్తకళ’. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ ఆ గుర్తింపు ఊరికి, పనికి వస్తుంది, చేసిన మనిషి పేరుకు రాదు. చిత్రాన్ని గ్యాలరీలో పెడితే కింద చిత్రకారుడి పేరు రాస్తారు. మన బొమ్మ కింద చాలాసార్లు తెగ పేరు మాత్రమే ఉంటుంది. శాఖల మధ్య గోడకూ, కళకూ చేతిపనికీ మధ్య గోడకూ పునాది ఒకటే. ఏది చదువు, ఏది చదువు కాదు అని తేల్చినవాళ్లే రెంటినీ కట్టారు.

తెలుగు నేల మీద చిత్రాన్నీ శిల్పాన్నీ కలిపి లోకానికి చూపినవారిలో సూర్యాపేటలో 1956లో పుట్టిన జి. రవీందర్ రెడ్డి ముఖ్యులు. బరోడాలో శిల్పం చదివి, 1980ల మొదట్లో లండన్‌లో గోల్డ్‌స్మిత్స్, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లలో చదివి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బోధించారు. ఆయన చేసే పెద్ద పెద్ద ఆడవాళ్ల తలలు ఫైబర్ గ్లాస్‌వి. వాటికి మెరిసే రంగు, కొన్నిటికి బంగారు రేకు. కొప్పు, పూలు, కాటుక, కళ్లు అన్నీ మన వీధుల్లోవే. ఆ రంగు తీసేసి ఊహించండి, పెద్ద తల ఒకటి మిగులుతుంది. రంగు ఉండడం వల్లే ఆ కళ్లు తెరుచుకుని, చూడవచ్చినవాడినే తిరిగి చూస్తాయి. గ్రామదేవత ముందు నిలబడినప్పుడు కలిగే జంకు అలాంటిదే. రంగు అక్కడ అలంకారం కాదు, పని చేస్తోంది.

అయితే ఆ పనిలో ఒక హద్దు కూడా కనిపిస్తుంది. తలలు ఎన్ని చేసినా ఆ స్త్రీలలో ఒక్కరి బతుకు మనకు తెలియదు. ముఖం గుర్తుగా మారిపోయింది. మన విద్యార్థులు దీన్ని జాగ్రత్తగా గమనించాలి. ఈకలు, పూసలు, పచ్చబొట్లు పెట్టి ‘ఆదివాసీ ముఖం’ చేయడం తేలిక, దానికి గిరాకీ కూడా ఉంది. కానీ ఆ ముఖం ఎవరిది? ఆమె పోడు ఏమైంది? ఈ ప్రశ్నలు లేకుండా రంగు ఎంత మెరిసినా లాభం లేదు.

మనకు దగ్గరి చుట్టం జన్‌గఢ్ సింగ్ శ్యామ్. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌కు చెందిన పర్ధాన్ గోండు. మన ఆదిలాబాద్ ప్రధాన్‌ల వంటి కథకుల తెగ ఆయనది. ఇంటి గోడల మీద మట్టితో ఉబ్బెత్తు బొమ్మలు చేసిన చేయి అది. 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్ వాళ్ల కంటబడి, కాగితం, కాన్వాస్ మీదికి వచ్చాడు. 1989లో పారిస్ ప్రదర్శన దాకా వెళ్లాడు. 2001లో జపాన్‌లో పనిచేస్తుండగా చనిపోయాడు. ఆయన చుక్కలను, దగ్గర దగ్గర గీతలను చూస్తే నాకు అనిపించేది ఇది: చేయి మట్టిని మరిచిపోలేదు. చదునైన కాగితాన్ని కూడా చుక్కలతో ఉబ్బించాలని చూసింది. ఆయన బొమ్మల కింద తెగ పేరుతోపాటు తన పేరూ ఉంది. ఆ పేరు కోసం ఊరు వదలాల్సి వచ్చిందన్నదీ మరువరాదు.

ఇక మన ఊరి సంగతి. తార్నాక, బౌద్ధనగర్ చుట్టుపక్కల అద్దె గదుల్లో యూనివర్సిటీని నమ్ముకుని ఉండే మన పిల్లలు ఎందరో. అలాంటి గదిలో రాయి చెక్కలేరు. చప్పుడుకు ఓనరు ఊరుకోడు, దుమ్ముకు పక్కవాళ్లు ఊరుకోరు. కంచు పోతకు డబ్బు లేదు. కానీ గోడకు వేలాడదీసే ఉబ్బెత్తు బొమ్మకు మూరెడు చోటు చాలు. చేర్యాల ముసుగులు కొబ్బరి చిప్ప, రంపపు పొట్టు, చింతగింజల జిగురుతోనే తయారవుతాయి. అమెరికాలో రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1950లలో పాత బట్టలను, వీధిలో దొరికిన సామానును కాన్వాస్‌కు అతికించి వాటికి ‘కంబైన్స్’ అని పేరు పెట్టాడు. లేమిలోంచి వచ్చిన పని తక్కువ పని అనుకోనక్కర లేదు. అయితే వస్తువు దొరికిందని అతికిస్తే సరిపోదు, అది ఆ బొమ్మకు కావాలి.

ఇలాంటి పనిని తూచడానికి మూడు ప్రశ్నలు చాలు. రంగు తీసేస్తే ఏం పోతుంది? రూపాన్ని చదును చేస్తే ఏం పోతుంది? రెంటికీ ‘ఏమీ పోదు’ అన్నదే జవాబైతే కలయిక పైపూత మాత్రమే. మూడో ప్రశ్న పెద్దలది: ఇది ఎవరి కథ, చెప్పడానికి ఎవరిని అడిగావు? దేవర ముఖం జాతరలో పూజలందుకునేది. దాన్ని సెమిస్టర్ ప్రాజెక్టుకు ముడిసరుకుగా వాడే ముందు ఇలవేల్పు పెద్దలతో కూర్చోవాలి. వాళ్లు వద్దంటే ఆ ‘వద్దు’ నుంచి కూడా ఒక బొమ్మ పుట్టవచ్చు.

ఆశ్రమ పాఠశాలల టీచర్లకు ఒక మాట. డ్రాయింగ్ పీరియడ్‌లో గీసిన బొమ్మకు రంగు నింపమనడంతో ఆగకండి. వాగు ఒడ్డు మట్టి తెప్పించండి. ఊళ్లో కొయ్య చెక్కేవారిని, గోడ అలికే అమ్మను ఒకరోజు తరగతికి పిలవండి. వాళ్ల పేర్లు బోర్డు మీద రాయండి. రేపు కాలేజీలో ‘నీది ఏ శాఖ’ అని అడిగినప్పుడు, ఈ రెండూ మా ఇంట్లో ఒకే చేతి పని అని ఆ పిల్ల తడుముకోకుండా చెప్పగలగాలి.