ఇరవై నిమిషాల పాట

1969 జులై 5న లండన్ హైడ్ పార్కులో రోలింగ్ స్టోన్స్ కచేరీకి లక్షల్లో జనం వచ్చారు. వాళ్లకంటే ముందు వేదికెక్కిన బృందాల్లో కింగ్ క్రిమ్సన్ ఒకటి. అప్పటికి వాళ్ల పేరు మీద ఒక్క ఆల్బమ్ కూడా లేదు. అక్టోబరులో వచ్చింది 'ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్'. ప్రోగ్రెసివ్ రాక్ పుట్టిన రోజేదంటే నేను ఆ ఆల్బమ్‌నే చూపిస్తాను.

దారి అంతకుముందే పడింది. 1967లో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్', మూడీ బ్లూస్ ఆర్కెస్ట్రాతో కలిసి చేసిన 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్డ్' ఆల్బమ్ మొత్తాన్ని ఒకే రచనలా వినడం నేర్పాయి. రేడియోకి మూడు నిమిషాల పాట చాలు. ఎల్పీ రికార్డు మాత్రం ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టేది. ఆ జాగా ప్రోగ్రెసివ్ రాక్ బృందాలకు దొరికింది. 1972లో జెనెసిస్ 'సప్పర్స్ రెడీ'ని ఇరవై మూడు నిమిషాల దాకా నడిపింది. జెత్రో టల్ అదే ఏడాది రికార్డు రెండు వైపులనూ ఒకే పాటతో నింపింది.

వాళ్ల చేతిలోని వింత వాద్యం మెలోట్రాన్. బర్మింగ్‌హామ్‌లో తయారైంది. పైకి కీబోర్డే. లోపల ఒక్కో మీటకు ఒక్కో టేపు ముక్క, దాని మీద ముందే రికార్డు చేసిన వయొలిన్లో, వేణువో, బృందగానమో. మీట నొక్కితే టేపు కదులుతుంది, వదిలితే స్ప్రింగు వెనక్కి లాగేస్తుంది. టేపు నిడివి సుమారు ఎనిమిది సెకన్లే కాబట్టి, అది అయిపోయేలోగా వేలు ఎత్తాల్సిందే. శ్రుతి కూడా నిలకడగా ఉండేది కాదు. ఆ సన్నని వణుకే ఆ పాటలకు దిగులు తెచ్చిపెట్టింది.

ఇక తాళం. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' (1973) ఏడు దెబ్బల లెక్కలో నడుస్తుంది. కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు తాళం విన్న చెవికి ఏడు కొత్త కాదు. సాక్సోఫోన్ ఆ ఏడులోనే సాగుతుంది, గిటార్ సోలో రాగానే లెక్క నాలుగుకు మారుతుంది. అక్కడ ప్రాణం లేచొచ్చినట్టుంటే, అది అంతసేపూ ఏడు బిగించి ఉంచినందువల్లే.

నిడివి ఎందుకని అడిగేవాళ్లకు నేను వినిపించేది కింగ్ క్రిమ్సన్ 'స్టార్‌లెస్' (1974). మెలోట్రాన్ నీడలో ఒక బాణీతో మొదలవుతుంది. మధ్యలో పదమూడు దెబ్బల ఆవర్తం మీద రాబర్ట్ ఫ్రిప్ గిటార్ ఒకే స్వరాన్ని పట్టుకుని మీటుతూ, నిమిషాల తరబడి, మెట్టు మెట్టుగా పైకి జరుగుతుంది. కింద జాన్ వెటన్ బేస్, బిల్ బ్రూఫర్ డ్రమ్స్ ఒత్తిడి పెంచుతూ పోతాయి. ఇక భరించలేం అనిపించాక తొలి బాణీ సాక్సోఫోన్ మీద తిరిగొస్తుంది. మూడు నిమిషాల్లో ఈ పని జరగదు.

అతి కూడా చేశారు. యెస్ బృందం 1973లో నాలుగే పాటలతో రెండు రికార్డులు నింపింది. అందులో కొంత నాకు సాగదీతగానే వినిపిస్తుంది. 1976, 77లలో పంక్ వచ్చి ఈ ఆడంబరాన్నంతా ఈసడించింది.

అయినా పద్ధతి బతికింది. బెంగళూరు బృందం అగం తన సంగీతాన్ని కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ అంటుంది. 'బంటురీతి కొలువు'ను గిటార్లు, డ్రమ్స్ మధ్య వాళ్లు పాడుతుంటే, దాని రాగం హంసనాదం ఎక్కడా ఇరుకున పడదు.