మొదటిసారి తాగేవాళ్ల వైను

పుణెలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు సంక్రాంతికి వస్తూ నాసిక్ వైను సీసా ఒకటి పట్టుకొచ్చాడు. తెల్ల వైను, తియ్యటిది, చవకది. నోరు మూసుకుని చేతికిచ్చేసి ఉంటే ఈ వారం ఇంకేదో రాసుకునేవాణ్ణి. "పెద్ద గొప్పదేం కాదు మావయ్యా, మొదటిసారి తాగేవాళ్లకి బావుంటుందని తెచ్చాను. అలవాటయ్యాక మెల్లిగా డ్రై వైన్లకి వెళ్లొచ్చు" అన్నాడు. అంటే తీపి పెద్ద బాలశిక్ష, అది దాటితే గానీ అసలు చదువు మొదలవదన్నమాట.

ఈ పాట నాకు కొత్త కాదు. బెల్లం ఆవకాయ గురించి రాసినప్పుడు గుంటూరు పాఠకులు పంపిన ఉత్తరాలు ఇంకా దాచుకున్నాను. పులుసులో బెల్లం వేసే గోదారోళ్లకి నాలుక మందమని ఒకాయన తేల్చేశారు. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా అడిగి మరీ పట్టుకెళ్లేవాళ్లే ఈ మాటా అంటారు. నా వాదన పాత పాఠకులకి తెలిసిందే: తీపిని చిన్నచూపు చూసేవాడు రుచి గురించి మాట్లాడటం లేదు, తన హోదా గురించి మాట్లాడుతున్నాడు.

పైగా ఆ సీసా మనకేం పరాయిది కాదు. త్రయంబకంలో పుట్టిన గోదావరికి నాసిక్ ఊళ్లోకి అడుగుపెట్టకముందే గంగాపూర్ దగ్గర ఆనకట్ట కట్టారు. ఆ నీళ్ల ఒడ్డున ద్రాక్షతోటలున్నాయి. 1990ల చివర్లో రాజీవ్ సామంత్ సూలా వైనరీ మొదలుపెట్టింది ఆ పక్కనే. 2000లో అక్కణ్ణుంచి వచ్చిన మొదటి వైన్లు షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్, రెండూ తెల్లవే. 1,465 కిలోమీటర్ల నదికి ఎగువ కొసన ద్రాక్ష, దిగువ కొసన తాటికల్లు. అదను కూడా ఇంచుమించు ఒకటే. నాసిక్‌లో వైను ద్రాక్ష జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. మన దగ్గర తాటిగెలలకి కత్తి తగిలేదీ సంక్రాంతి దాటాకే.

సీసా ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తీశాం. మా ఆవిడ దాన్ని కూరగాయల అరలో, తోటకూర కింద దాచింది. లేబుల్ మీద రెండు ద్రాక్షల పేర్లున్నాయి: షెనిన్ బ్లాంక్, మస్కట్. రంగు లేత నిమ్మకాయ రంగు. వాసనంతా మస్కట్‌దే, పూలూ పళ్లూ కలిసిన ఘాటు. మొదటి గుక్క చల్లగా, తియ్యగా, చివర్లో చిన్న పులుపుతో హాయిగా దిగింది. కబుర్లలో పడి గ్లాసు పక్కన పెట్టి, కాసేపటికి మళ్లీ అందుకుంటే అదే వైను బరువెక్కిపోయింది. నాలుక మీద తీపి కూర్చుంది, లేవదు.

అప్పుడు గుర్తొచ్చాడు మా కోనసీమ తాత. వరసకి ఏమీ కాడు, ఊళ్లో పిల్లలందరికీ తాతే. తెల్లారకుండా మోకు భుజాన వేసుకుని తాళ్లతోపుకి వచ్చేవాడు. చెట్టు దిగిన వెంటనే ముంత ఎవరికీ అందించేవాడు కాదు. ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు, తర్వాత చెవి దగ్గర. నురగ బుసబుసలాడే తీరుని బట్టి లోపల పులుపు ఎంతవరకు వచ్చిందో తెలిసిపోయేది. గుడ్డ కట్టి వంపితే ఈగలూ చీమలూ పైన ఉండిపోయేవి. ఆ తర్వాత తాటాకు దొప్పలో ఒక గుక్కెడు పోసుకుని, కళ్లు మూసుకుని, మింగేవాడు.

చిన్నపిల్లలకి కల్లు పోసేవాడు కాదు. సున్నం పూసిన ముంత ఒకటి వేరే కట్టేవాడు. బెల్లం కాయడానికి దింపే నీరు అది, పులియదు. దొప్ప నిండా పోసి ఇస్తే మొదటి గుక్క అమృతం. సగం దొప్పకి మొహం మొత్తేది. మిగిలింది ఏ కుక్కపిల్లకో పోసేవాళ్లం, అదీ నాకి వదిలేసేది.

కాలేజీ చదువుకొచ్చాక ఒక పొద్దున్న అసలుది పోశాడు. ముందు రెండు ముంతలు చూపించాడు. "ఇది చెరువుగట్టు చెట్టుది బాబూ, తీపి తప్ప ఇంకేం లేదు. అది శ్మశానం పక్కది, పుల్లన. విడివిడిగా ఎవడు తాగుతాడండీ?" అంటూ రెండూ పెద్ద కుండలోకి వంచాడు. రుచి చూశాడు. పుల్లది ఇంకాస్త పోశాడు. మళ్లీ చూశాడు. తొమ్మిదింటికి వచ్చే రైతులకి ఒక పాళ్లు, మధ్యాహ్నం వచ్చే కూలీలకి ఇంకో పాళ్లు. ఎండ ఎక్కేకొద్దీ కుండలో పులుపు దానంతటదే పెరుగుతుంది కాబట్టి ఆ లెక్క కూడా వేసుకుని కలపాలి. గెల కోతలోంచి కారేది చక్కెర నీరే. కుండ అడుగున మిగిలిన ఈస్టూ గాలిలో సూక్ష్మజీవులూ దాన్ని పట్టుకుంటాయి. కొంత మత్తు అవుతుంది, కొంత పులుపు అవుతుంది, మర్నాటికి వినిగరు దారి పడుతుంది. ఆ పరుగులో ఏ గంటకి ఏది దేనితో కలపాలో తెలియడమే తాత విద్య.

సీసాలో వైను చచ్చింది, కుండలో కల్లు బతికుంది అని ఇక్కడొక వాక్యం రాసుకున్నాను. కొట్టేశాను. తియ్యటి వైను చేసేవాళ్లు చక్కెర మొత్తం మత్తుగా మారకముందే రసాన్ని బాగా చల్లబరిచి, ఈస్టుని వడగట్టి, గంధకపు పొగ లాంటి మందు కాస్త వేసి ఆపేస్తారు. తాత సున్నంతో చేసిందీ అదే పని. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా కేంద్రంలో నీరా నిలవ మీద పనిచేసేవాళ్లదీ, హైదరాబాద్‌లో 2023లో తెరిచిన నీరా కేఫ్‌దీ అదే తిప్పలు. ఇక కలపడం సంగతి: షెనిన్ పులుపున్న ద్రాక్ష, మస్కట్ వాసనున్న ద్రాక్ష. లేబుల్ మీద రెండు పేర్లుంటే అది చవక సరుక్కి గుర్తని మా వాడి నమ్మకం. చెరువుగట్టునీ శ్మశానాన్నీ ఒక కుండలో కలిపిన చెయ్యి చూసినవాణ్ణి, నేనెలా ఒప్పుకుంటాను?

తీపి ఒక్కటే అమ్మబోతే ఏమవుతుందో లోకం చూసింది. జర్మనీ నుంచి వచ్చిన బ్లూ నన్ అనే తియ్యటి తెల్ల మిశ్రమం 1970ల్లో ఇంగ్లండునీ అమెరికానీ ఊపేసింది. దాని వెనకాలే పసలేని తియ్యనీళ్లు అదే జాతి పేరుతో వరదలా వచ్చి, జర్మన్ వైనుకే చెడ్డపేరు తెచ్చాయి. 1985లో ఆస్ట్రియాలో కొందరు తీపీ చిక్కదనం కోసం వైనులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషరసాయనం కలిపి దొరికిపోయారు. మనం నవ్వడానికి లేదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కలిపే చేతికి నాలుక లేనప్పుడు మందుల షాపు గుర్తొస్తుంది.

ఇన్నేళ్లుగా తీపి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాణ్ణి. ఈ సీసా నన్ను వేరే గట్టుకి చేర్చింది. సున్నం ముంతలో నీరు మాకెందుకు మొహం మొత్తింది? గ్లాసు వెచ్చబడగానే వైను ఎందుకు కూలబడింది? చల్లదనం తీపిని అణిచి, ఉన్న కాస్త పులుపునీ పైకి తెచ్చింది. చల్లదనం పోతే ఆ పులుపు చాల్లేదు. బెల్లం ఆవకాయ రుచి కూడా బెల్లానిది కాదు, బెల్లాన్ని మోస్తున్న పుల్ల మామిడిది. చప్పిడి కాయతో పెట్టి చూడండి, జాడీ మొహం ఎవరూ చూడరు. నేను ఇన్నాళ్లూ మెచ్చుకున్నది పులుపునే. గుంటూరు వారికి ఈ సగం గెలుపు రాసిస్తున్నాను, మిగతా సగం అడక్కండి.

కాబట్టి తీర్పు: సీసా కొనదగ్గదే. బాగా చల్లగా, చిన్న గ్లాసుల్లో, వెచ్చబడే వ్యవధి ఇవ్వకుండా తాగాలి. కాజాతో వద్దు, అంతకంటే తియ్యటిది నోట్లో ఉంటే వైను నీళ్లయిపోతుంది. కారం దట్టించిన రొయ్యల వేపుడుతో భేష్, మంట మీద ఆ తీపి చక్కగా పనిచేస్తుంది. కలిపినాయన శ్మశానం చెట్టు పాలు ఇంకొంచెం వేసి ఉండాల్సింది. ఆ లోటు మనమే తీర్చుకోవచ్చు. వచ్చేసారి ఇదే సీసాతో పాటు, పెద్దవాళ్లు తాగుతారన్న ఆ డ్రై వైను కూడా ఒకటి తెమ్మని మేనల్లుడికి చెప్పాను. రెండూ విడివిడిగా తాగే ఉద్దేశం మాత్రం నాకు లేదు.