మేకలు వేసిన బాటలో సైకిల్

మా వైపు కొత్తగా గేర్ల సైకిల్ కొన్న కుర్రాడు ముందు చెప్పేది దానికి ఎన్ని గేర్లున్నాయో. ఏడాది తిరిగేసరికి ఆ గొడవ వదిలేసి, గుట్ట కింద నిలబడి, "అన్నా, ఈ బాటలో మేకలు తిరుగుతున్నాయా?" అని అడుగుతాడు. ఆ మాట అడిగిన రోజున వాడికి మట్టిదారి సైకిల్ వచ్చినట్టు లెక్క.

మాది ధర్మపురి జిల్లా, పాలక్కోడు తాలూకా, మహేంద్రమంగళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో ఎదురైనవాళ్ళది ఏ మాటైతే ఆ మాట. చుట్టూ ఊళ్ళ పేర్లు చూస్తే మారండహళ్ళి, జిట్టాండహళ్ళి అని కన్నడం పలుకుతాయి. దారి అడిగేటప్పుడు కాలిబాట అన్నా, ఒత్తయడి పాదై అన్నా, కాలుదారి అన్నా అదే చెయ్యి లేచి అదే దిక్కు చూపిస్తుంది. ఎర్ర నేల, అందులోంచి ఏనుగు వీపుల్లా పైకి తేలిన రాతి గుండ్లు, టొమాటో తోటలు, మామిడి తోపులు, రాగి చేలు, వాటి వెనక అడవి. 1792లో బారామహల్ కుంపిణీ చేతికి వచ్చాక థామస్ మన్రో ఏడేళ్ళపాటు ఈ సీమలోనే గుర్రమెక్కి తిరుగుతూ భూముల లెక్కలు చూశాడు. రాయలసీమ జనం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకోవటం తర్వాతి ముచ్చట. గుర్రం పట్టే దారిలో సైకిల్ పడుతుంది, కారు పట్టదు. ఆ పట్టని దారులే మాకు మిగిలాయి.

సవారీ కాలం హస్త కార్తెలో మొదలవుతుంది. ఎండాకాలంలో ఈ మట్టి పిండిపిండిగా ఉంటుంది, చక్రం నిలవదు, పొద్దున ఎనిమిదికే మాడు కాలుతుంది. హస్త, చిత్త, స్వాతి వానలు నాలుగు పడ్డాక నేల బిగుస్తుంది. విశాఖ దాటి మూల వచ్చేసరికి తెల్లవారుజామున మంచు పట్టి, బాట మీద దుమ్ము అణిగి, టైరు కింద కరకరమని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు కోసమే మేం ఐదుగురం మూడున్నర నెలలు ఆదివారాలు ఇంట్లో తిట్లు తింటాం. టొమాటో మండీలో పెట్టెల లెక్క రాసే మా బావ, ఒక బడిపంతులు, మోటార్లు బాగుచేసే మేస్త్రి, బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ శనివారం రాత్రికి రైల్లో దిగే తమ్ముడు, నేను. తమ్ముడి సైకిల్ ఖరీదులో మేస్త్రి ఒక పాత మోపెడ్ కొనగలడు. మేస్త్రిది మాత్రం చిన్నప్పటి హీరో రేంజర్, ఫ్రేమ్ ఒక్కటే అసలుది, తక్కినదంతా మార్పిడి సామానే. దిగుడులో ఇద్దరిలో ముందుండేది మేస్త్రే.

ఇది ఎక్కడో పుట్టి మన దగ్గరికి వచ్చిన ఆట అనేవాళ్ళకు ఒక మాట. 1970ల్లో కాలిఫోర్నియాలోని మెరీన్ కౌంటీలో కొందరు స్నేహితులు పాత బరువు సైకిళ్ళకు లావు టైర్లు తగిలించి కొండదారుల్లో దిగటం మొదలుపెట్టారు. 1976 అక్టోబరులో వాళ్ళు పెట్టుకున్న పందేనికి రీప్యాక్ అని పేరు. ఆ దారి సుమారు 3 కిలోమీటర్లు, దిగుడు 400 మీటర్ల దాకా. వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఆ దిగుడుకు వేడెక్కి, హబ్బులోని గ్రీజు పొగై పోయేది. దిగిన ప్రతిసారీ హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది, అదీ ఆ పేరుకు కారణం. 1977లో వాళ్ళలో ఒకడైన జో బ్రీజ్ ఆ పనికోసమే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు, 1996 అట్లాంటా నాటికి ఆ ఆట ఒలింపిక్స్‌లోకి ఎక్కింది, 2023 అక్టోబరులో ఆసియా పోటీలు మన పక్కనే కేరళ పొన్ముడిలో జరిగాయి. అంతా నిజమే. కానీ వెనక క్యారియర్‌కు రెండు పక్కలా పాలక్యాన్లు కట్టుకుని, గేర్లు లేని 28 అంగుళాల చక్రాల సైకిల్ మీద, చీకటి విడవకముందే గుట్ట అంచు బాటలో దిగే పాలాయన మా ఊళ్ళో ఎప్పటినుంచో ఉన్నాడు. ఆయన చేసేది ఆట అని ఎవరూ అనుకోలేదు, అంతే తేడా.

ఆయన్ని వెనకనుంచి చూడటమే మాకు మొదటి పాఠం. రాయి రాకముందే సీటు మీదనుంచి లేస్తాడు. రెండు పెడళ్ళూ ఒకే మట్టంలో నిలిపి, మోకాళ్ళు వదులుగా ఉంచి, సైకిల్‌ను తన కింద ఊగనిస్తాడు. సైకిల్ ఎగిరినా పాలు తొణకవు. మేం పుస్తకభాషలో చెప్పుకుంటే షాక్స్ పని కాళ్ళు చెయ్యాలి. కొత్తవాడు ఇక్కడే తప్పుతాడు. భయంతో సీటుకు అతుక్కుపోతాడు, చేతులు కర్రల్లా బిగుస్తాయి, రాయి తగిలిన దెబ్బ నేరుగా భుజానికి వస్తుంది. ఇంకో పెద్ద తప్పు చూపులో ఉంది. ఏ రాయిని తప్పించుకోవాలనుకుంటాడో దాన్నే గుడ్లప్పగించి చూస్తాడు, చక్రం నేరుగా దాని మీదికే పోతుంది. చూడాల్సింది రాయి పక్కనున్న సందును, అదీ పది పదిహేను అడుగుల ముందే. దగ్గరి రాయి సంగతి అప్పటికే తేలిపోయి ఉండాలి.

బ్రేకు విషయంలో ఊరంతా ఒక తప్పుడు సలహా తిరుగుతుంటుంది: ముందు బ్రేకు ముట్టుకుంటే పల్టీ కొడతావని. నిజానికి దిగుడులో బలమంతా ముందు బ్రేకుదే, ఎందుకంటే బరువు ముందుకు జారి ముందు చక్రాన్నే నేలకు అదుముతుంది. పల్టీ కొట్టించేది గబుక్కున నొక్కటం. తుంటి సీటు వెనక్కి జరిపి, ఒక్క వేలుతో, పిండి పిసికినంత నెమ్మదిగా నొక్కితే ఏమీ కాదు. వంపులో మాత్రం బ్రేకు వద్దు, వంపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. ఇది నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. మూడేళ్ళ కింద స్వాతి వానలు తెరిపిచ్చిన మర్నాడు, ఒక వంకలోకి దిగే చోట, పక్కకు తిప్పిన చక్రానికి ముందు బ్రేకు పట్టేశాను. చక్రం పక్కకు జారింది, నేను హ్యాండిల్ మీదుగా వంకలోకి చేరాను. మోచేతి చర్మం ఆ ఎర్రమట్టిలోనే ఉండిపోయింది. బావ పైనుంచి చూసి, "ఏం, నీళ్ళు చల్లగున్నాయా?" అన్నాడు. తర్వాతే దిగి వచ్చి చెయ్యిచ్చాడు.

ఎక్కుడులో కిటుకు ఒక్కటే, గేరు ముందే మార్చటం. వాలు మొదలయ్యాక బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ కిర్రుమంటుంది, ఒక్కోసారి తెగుతుంది. ముక్కు హ్యాండిల్ వైపు వంచి, కూర్చునే తొక్కాలి. లేస్తే వెనక చక్రం ఎర్రమట్టిలో ఊరికే తిరుగుతుంది. అక్కడికీ కాకపోతే దిగి నడిపించుకుపోవటమే. పాలాయన రోజూ రెండు చోట్ల దిగుతాడు. దిగటానికి ఆయనకు లేని సిగ్గు నాకెందుకని నేను కూడా అక్కడే దిగుతాను.

ఇప్పుడు మేకల సంగతి. గుట్ట మీద మేక నిటారుగా ఎక్కదు. వాలుకు అడ్డంగా, ఏటవాలుగా, రాయి నుంచి రాయికి పోతుంది. ఏళ్ళ తరబడి గిట్టలు పడి పడి ఆ బాట జానెడు వెడల్పున సిమెంటులా గట్టిపడుతుంది. వాన పడితే నీళ్ళు బాట వెంబడి పారకుండా బాటను అడ్డంగా దాటిపోతాయి. పక్కనే ఎద్దుబండి నిలువునా దిగిన దారి చూడండి, రెండు వానలకు అది కాలువ అయిపోయి ఉంటుంది, మధ్యలో మోకాటిలోతు గండి. అమెరికాలో సైకిల్ బాటలు కట్టేవాళ్ళు ఒక సూత్రం పెట్టుకున్నారు: బాట వాలు కొండ వాలులో సగం దాటకూడదని. మా మేకల కాపరికి ఆ సూత్రం చెబితే నవ్వి, "అంతకంటే నిటారుగా అయితే అవే పోవు కదయ్యా" అన్నాడు. మంద మరీ పెద్దదైతే మాత్రం బాట ఒకటి ఇరవై అవుతుంది, మట్టి వదులై గులకరాళ్ళు తేలుతాయి. అలాంటి వాలులో బ్రేకు పట్టకుండా దిగేవాణ్ణి నేనింకా చూడలేదు.

మంద ఎదురైతే దిగి, వాలు కిందివైపు నిలబడాలి. బెదిరిన మేక పైకే పరుగెత్తుతుంది, పైన మనం నిలబడితే మీద పడుతుంది. గంట కొట్టకూడదు. కాపరితో రెండు మాటలు మాట్లాడాలి. బాట అతనిది, అతని మేకలది. మనం వారానికొకసారి వచ్చే చుట్టాలం. అందుకే వాన పడిన మర్నాడు మేం మట్టిలోకి దిగం. తడిలో పడిన టైరు గాడి ఎండాక అలాగే గట్టిపడి, మళ్ళీ వానకు నీళ్ళకు దారి చూపిస్తుంది. ఎర్ర నేల కాబట్టి ఒక పూట ఎండ కాస్తే సరిపోతుంది. నల్లరేగడి వాళ్ళ కష్టం వేరు, వాళ్ళు నాలుగు రోజులు ఆగాలి.

గాలి లెక్క కూడా నేలతోనే మారుతుంది. గట్టి బాటలో రెండు అంగుళాల టైరుకు 35 పీఎస్ఐ పెడతాను, తేమగా ఉంటే 28కి దించుతాను. అంతకంటే దించితే రాయి తగిలి, టైరుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పాముకాటులా పక్కపక్కన రెండు బెజ్జాలు పడతాయి. అసలు శత్రువు ముల్లు. తుమ్మముల్లు పెద్దది, కనిపిస్తుంది. పల్లేరుకాయ కనిపించదు, ఏ వైపు పడినా ఒక ముల్లు పైకి నిలబడే ఏర్పాటు దానిది. సీమతుమ్మ కంచె కొట్టిన మర్నాడు ఆ పక్కకు పోనే పోకూడదు. తమ్ముడి టైర్లలో ట్యూబు లేదు, లోపల పాలలాంటి ద్రవం పోసి ఉంటుంది, ముల్లు దిగినచోట అదే గడ్డకట్టి మూస్తుంది. మేస్త్రి నమ్మకం సొల్యూషను, ఆకురాయి, ఒక ట్యూబు ముక్క. పోయినేడు ఒక ఉదయం తమ్ముడికి ద్రవం అయిపోయింది. రెండుగంటలు నడిచింది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ చెప్పింది సైకిల్ నేర్పు. మా దగ్గర శీతాకాలంలో దానికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. రాగి కంకి పాలుపోసుకునే రోజుల్లో, అక్టోబరు నుంచి జనవరి దాకా, ఏనుగులు బన్నేరుఘట్ట వైపునుంచి జవళగిరి మీదుగా హోసూరు, ధర్మపురి అడవుల్లోకి దిగుతాయి. రాత్రి చేలల్లో మంచెలు వెలుస్తాయి, డప్పులూ టపాకాయలూ మోగుతాయి. 2022లో కృష్ణగిరి, ధర్మపురి అడవుల్లో 686 చదరపు కిలోమీటర్లను కావేరి దక్షిణ అభయారణ్యంగా ప్రకటించారు. అడవి హద్దు దాటటం మాకు చట్టప్రకారం కుదరదు, బుద్ధిప్రకారమూ కుదరదు. చెరువు గట్లు, బండిదారులు, తోపుల అంచులు, పంచపల్లి చిన్నార్ ఆనకట్ట దిక్కున పొలాల బాటలు — ఇవే మా మేర. ఏనుగు మాత్రం ఆ హద్దు చూసుకోదు.

అందుకని కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. సూర్యుడు పైకి వచ్చేదాకా ఊరు దాటం, సాయంత్రం సవారీ ఈ నెలల్లో లేదు. మొదటి మంచె కనిపించగానే ఆగి, రాత్రి ఎటు వచ్చాయో, ఎటు పోయాయో అడుగుతాం. కాపలా కాసినాయన నిద్రకళ్ళతో చేయి చాపిన దిక్కుకు ఆరోజు పోం. బాటలో లద్దె కనబడితే పంతులు దిగి దాని మీదికి అరచేయి చాపుతాడు. వెచ్చగా తగిలితే ఏమీ మాట్లాడకుండా సైకిల్ వెనక్కి తిప్పుతాడు. వాదన ఉండదు. ఐదుగురిలో ఒక్కడు వద్దన్నా వద్దే.

ఇంకోటి తీగ. ఏ చేనికైనా కంచె తీగ ఉంటే దాన్ని చేత్తో ఎత్తి దూరకూడదు, సైకిల్ దాని మీదుగా దాటించకూడదు. 2023 మార్చిలో మారండహళ్ళి దగ్గర కాళిగౌండన్‌కొట్టాయిలో దొంగతనంగా కరెంటు ఎక్కించిన కంచెకు తగిలి మూడు ఏనుగులు చచ్చిపోయాయి, వాటి వెంట వచ్చిన రెండు పిల్లలు మిగిలాయి. మా సవారీకి అది ఎంతో దూరం కాదు. అప్పటినుంచి బావ, తీగ కనిపించిన ప్రతిచోటా, వెనకున్న మా అందరికీ వినపడేట్టు "తీగ!" అని అరుస్తాడు. అందరం దిగి, చుట్టుతిరిగి పోతాం, అది ఉత్త బట్టలు ఆరేసుకునే తీగ అయినా సరే.

గుంపులో పోయే వరస కూడా ఇలాగే కుదిరింది. ముందు బావ, వెనక మేస్త్రి. వాళ్ళిద్దరి మధ్యే మిగతా ముగ్గురం. సైకిల్‌కూ సైకిల్‌కూ మధ్య పది గజాల ఎడం, దిగుడులో ఇరవై. బాట రెండుగా చీలినచోట ముందువాడు ఆగి వెనకవాడు కనిపించేదాకా కదలడు. వేగం అందరికంటే నెమ్మదిగా తొక్కేవాడిది. నాకు ఇది మొదట్లో చిరాకుగా ఉండేది. తర్వాత తెలిసింది, ఆగిన ఆ రెండు నిమిషాల్లోనే చూడాల్సినవన్నీ కనబడతాయి: ఎండ కాగటానికి రాతి మీదికి వచ్చిన రక్తపింజర, గట్టు కింద ఊరుతున్న సన్నటి నీటి తడి, నిన్న లేని కొత్త లేఅవుట్ రాయి.

లేఅవుట్ రాళ్ళు ఎక్కువవుతున్నాయి. రెండు బాటలు ఈ ఏడు సిమెంటు రోడ్లయ్యాయి. రోడ్డొస్తే అంబులెన్సు వస్తుంది, దాన్ని వద్దనే హక్కు ఆదివారం సైకిల్ తొక్కేవాడికి లేదు. కానీ మేకలు పోని బాట ఎన్నాళ్ళో ఉండదు. ఒక్క వానాకాలంలో ఉన్నిచెట్టు రెండు పక్కలనుంచీ కమ్ముకుని మూసేస్తుంది. కిందటి డిసెంబరులో అలాంటి ఒకదాన్ని కొడవళ్ళతో అర కిలోమీటరు తెరిచాం. సంక్రాంతికి వెళ్ళి చూస్తే మళ్ళీ ఆకు కమ్మింది. ఈసారి కాపరిని అడిగాం, మందను ఆ వైపు మళ్ళించమని. ఆయన, "అక్కడ మేత లేదు. మీరు తొక్కుకుంటారని మేకలు పస్తుండాలా?" అన్నాడు.

సవారీ అయ్యాక తిండి బావగారింట్లో. ఈ నెలల్లో అనపకాయ దిగుతుంది. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున వేళ్ళతో ఒక్కొక్కటే పితికితే పొట్టు ఒక పక్కకు, పప్పు ఒక పక్కకు ఎగురుతుంది. మట్టి కడుక్కోని చేతులతో మేం గడప దగ్గర ఆగితే, అక్క పితుకుపప్పు గిన్నె మా ముందు పెట్టి, "చేతులు కడుక్కుని మిగిలింది పితకండి. సంగటి అయ్యేలోగా అయిపోవాలి" అంటుంది. బ్రేకు మీద ఒక్క వేలుతో తెలివిగా పనిచేసే మేస్త్రి ఇక్కడ మాత్రం పప్పు పితకలేడు. వాడు నొక్కిన ప్రతి గింజా గోడకు తగులుతుంది.