సగం తెలిసిన ఊరు

విడిపోయిన మనిషితో ప్రయాణం పెట్టుకున్నప్పుడు టికెట్ల కన్నా, సెలవుల కన్నా, ఇంట్లోవాళ్ల కన్నా పెద్ద చిక్కు ఊరు దగ్గరే వస్తుంది. కొత్తగా పెళ్లయినవాళ్లు ఎక్కడికెళ్లినా ఆనందమే. స్నేహితులు ఎక్కడికెళ్లినా కబుర్లే. మాలాంటివాళ్లకి అలా కుదరదు. ఏ ఊరి పేరెత్తినా దానికి పాత సంగతో, కొత్త ఆశో అంటుకుని ఉంటుంది. కొద్ది వారాలుగా నేను పని గట్టుకుని చేస్తున్నది అలాంటి ఊళ్ల పేర్లు కొట్టెయ్యడమే.

మా మధ్య మళ్లీ మాటలు కలవడానికి కారణం గ్యాస్ బండ. విడాకులప్పుడు ఫ్లాటు ఎవరికి, బంగారం ఎవరికి, పుస్తకాల బీరువా ఎవరికి అని అన్నీ రాసుకున్నాం గానీ, గ్యాస్ కనెక్షన్ అతని పేరు మీదే ఉండిపోయిన సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఏజెన్సీ వాళ్లు ఈ-కేవైసీ చేయించమని వెంటపడేసరికి ఫోన్ చెయ్యక తప్పలేదు. వేలిముద్ర వెయ్యడానికి బెంగళూరు నుంచి విజయవాడ వచ్చాడు. ఫోన్‌లో యాప్ తెరిచి ముఖం చూపిస్తే సరిపోయేదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఆదివారాలు ఫోన్లు. ఒక ఆదివారం, "డిసెంబర్లో సెలవు పెట్టగలను. ఎటైనా వెళ్దామా?" అన్నాడు.

"ఎటు?"

"నువ్వే చెప్పు."

కాపురంలో ఉన్నన్నాళ్లూ మమ్మల్ని ముంచింది ఈ "నువ్వే చెప్పు" అన్న మాటే. వినడానికి ఎంతో ఉదారంగా ఉంటుంది. ఊరు ఎంచుకోనివాళ్లకి, అక్కడికెళ్లాక హోటల్ బాగాలేదని, ఎండెక్కువని, తిండి నోట పెట్టలేకపోతున్నామని సణగడానికి పూర్తి హక్కు దొరుకుతుంది. అందుకని ఈసారి ఒక షరతు పెట్టాను. ఇద్దరమూ పేర్లు చెప్పాలి. ఎదుటివాళ్లు చెప్పిన పేరు నచ్చకపోతే కొట్టెయ్యొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. కారణం అడక్కూడదన్న ఆ రెండో ముక్కే మా పనిని తేలిక చేసింది.

అరకు నేనే కొట్టేశాను. పెళ్లైన కొత్తలో విశాఖ నుంచి కిరండోల్ పాసింజర్లో వెళ్లాం. ఇప్పుడు ఆ దారిలో అద్దాల పెట్టెలు కూడా వేశారు గానీ, ఆ సొరంగాల చీకటిలో కూర్చోవాల్సింది మేమే కదా. పాపికొండలు అతను కొట్టేశాడు. కారణం చెప్పలేదు గానీ ఊహించగలను. గండిపోచమ్మ దగ్గర లాంచీ ఎక్కితే మళ్లీ ఒడ్డుకి చేరేదాకా దిగడానికుండదు. మాట తేడా వస్తే లేచి వెళ్లిపోవడానికి చోటు లేని ప్రయాణం మాకు పనికిరాదు. ఊటీ, కొడైకెనాల్, మున్నార్ ఒకే దెబ్బతో పోయాయి. మంచు పట్టిన కిటికీ ముందు కాఫీ కప్పులు పట్టుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం తప్ప అక్కడ ఇద్దరు మనుషులు ఏం చేస్తారో నాకెప్పుడూ అర్థం కాలేదు. విదేశం అన్నాడోసారి. వీసా దరఖాస్తులో వైవాహిక స్థితి అన్న గడి తలుచుకునే అక్కడ ఆగిపోయాం.

తిరుమల మా అమ్మ సూచన. అమ్మకి ఈ వ్యవహారం మొదట్లో సుతరామూ నచ్చలేదు. "ఏ వరసని వెళ్తున్నావే?" అంది. తర్వాత తనే, "వెళ్లేదేదో కొండకి వెళ్లండి, కల్యాణం చేయించుకు రండి" అని పరిష్కారం చెప్పింది. వెయ్యి రూపాయల కల్యాణోత్సవం టికెట్ మీద ఇద్దర్ని పంపిస్తారు, నిజమే. సంకల్పం దగ్గర గోత్రం చెప్పుకోవాల్సొస్తే నేనెవరి గోత్రం చెప్పను? పుట్టింటిదా, వదిలేసి వచ్చినదా? స్వామివారికి పట్టింపు ఉండకపోవచ్చు. నాకుంది.

ఆ వారం చివర్లో వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది, కింద ఒక్క ముక్కా రాయలేదు. 2017లో వచ్చిన కొత్త యాభై నోటు, వెనక వైపు. రాతి రథం.

హంపి ఇద్దరం చూశాం. కలిసి చూడలేదు. నేను స్కూల్లో ఉండగా ఎక్స్‌కర్షన్ బస్సులో వెళ్లాను. విట్ఠలాలయం కన్నా బస్సులో పాడిన అంత్యాక్షరే ఎక్కువ గుర్తుంది. అతను మేం విడిపోయాక ఆఫీసువాళ్లతో వెళ్లాడు. అలాంటి ఊరు దొరకడం అదృష్టం. కలిసి చూసిన ఊరైతే అడుగడుగునా పాత రోజులు ఎదురొస్తాయి. ఇద్దరికీ బొత్తిగా తెలియని ఊరైతే దారి తప్పుతాం, దారి తప్పితే మ్యాపు ఎవరు చూడాలన్న పాత పోట్లాట మొదలవుతుంది. ఇక్కడైతే సగం ఊరు అతనికి తెలుసు, సగం నాకు. ఒకరికొకరం చూపించుకోవడానికి కొంచెం మిగిలుంది.

"శిథిలాలు కదా, మీకు సరిగ్గా సరిపోయిందిలే" అని మా చెల్లెలు నవ్వింది. అలాంటి పోలికలు నాకు రుచించవు. 1565 తర్వాత జరిగింది ఒక మహానగరం నాశనం. మా ఇద్దరిది, మధ్యవర్తి లాయర్ల ఫీజుతో ముగిసిన చిన్న గొడవ. పోలిక కావాలంటే ఆ ఊళ్లోనే ఇంకోటుంది.

నంది తిమ్మన పారిజాతాపహరణం ఎందుకు రాశాడో చెప్పే కథ తెలుగువాళ్లలో చాలామంది వినే ఉంటారు. తిరుమలదేవి తెలియక కృష్ణదేవరాయల చిత్తరువు వైపు కాళ్లు చాపి నిద్రపోయిందట. అది చూసి రాయలు అలిగి ఆమె మందిరానికి రావడం మానేశాడట. ఆమెతో పాటు అరణంగా వచ్చిన తిమ్మన అప్పుడు సత్యభామ అలకని కావ్యం చేసి వినిపించాడట. సత్య కాలితో తన్నినా కృష్ణుడికి కోపం రాలేదు సరికదా, ఆమె పాదం నొచ్చిందేమోనని బాధపడ్డాడు. విన్న రాయలు మెత్తబడ్డాడట. ఇది జరిగిందో, చమత్కారానికి పుట్టిందో పండితులు చూసుకుంటారు. నాకు నచ్చేదల్లా తిమ్మన వేసిన ఎత్తు. ఐదాశ్వాసాల కావ్యంలో చిత్తరువు ఊసే లేదు. కాలు, కోపం, పువ్వు అన్నీ ద్వారకలో ఇంకెవరివో. రాజు, రాణి తమ గొడవ గురించి ఒక్క మాటా మాట్లాడుకోకుండానే దాన్ని దాటేశారు.

మాకు కావలసింది అలాంటి ఊరే. ఒకరినొకరు చూసుకోకుండా ఇద్దరం కలిసి చూడ్డానికి ఏదైనా ఉండాలి. రథంలా కనబడేది నిజానికి గరుత్మంతుడి గుడి అని నేను చెప్పొచ్చు. విరూపాక్షాలయంలో చిన్న రంధ్రం గుండా వెలుతురు వచ్చి గోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడడం అతను చూపించొచ్చు. విసుగొస్తే ఒకరు మాతంగ పర్వతం ఎక్కుతారు, ఇంకొకరు కింద అచ్యుతరాయాలయంలో కూర్చుంటారు. వేసవైతే ఆ బండరాళ్లు సాయంత్రానికి కూడా సెగలు కక్కుతూ చెడ్డ కోపం తెప్పిస్తాయి. డిసెంబరు కాబట్టి ఆ భయం లేదు.

2024 నవంబరు 1 నుంచి రైల్వేవాళ్లు ముందస్తు రిజర్వేషన్ గడువుని 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గించినప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో అందరూ తిట్టుకున్నారు. మాకు మాత్రం అది కలిసొచ్చింది. నాలుగు నెలల తర్వాత కూడా మేం మాట్లాడుకుంటూనే ఉంటామని రాసివ్వమంటే నేను రాసివ్వను. రెండు నెలలంటే ధైర్యం చెయ్యొచ్చు. టికెట్లు ఎవరివి వాళ్లమే కొనుక్కున్నాం. నేను విజయవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను, అతను బెంగళూరులో హంపి ఎక్స్‌ప్రెస్. పొద్దున్నే హోసపేటలో దిగుతాం. ఒకరి ఊరికి ఇంకొకరు వెళ్లక్కర్లేదు, రమ్మన్నదెవరు, వచ్చిందెవరు అన్న లెక్కా లేదు. గదులు రెండు.

"రెండు బళ్లూ గుంతకల్లు మీదుగానేగా, అక్కడే కలిసి ఒకే బండిలో పోవచ్చుగా" అంది అమ్మ. వరస అడిగిన మనిషేనా అని చూశాను. పప్పు ఏరుకుంటూ తల ఎత్తలేదు.

మొదటి రోజు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. అతనికి ముందు తుంగభద్ర డ్యామ్ చూడాలని ఉంది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోతే, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ దింపి ప్రవాహాన్ని ఎలా ఆపారో ఫోన్‌లో నాకు అరగంట చెప్పాడు. నాకేమో తళవారఘట్ట దగ్గర పుట్టి ఎక్కి ఆనెగొంది వెళ్లాలని. ఒకప్పుడైతే ఎవరో ఒకరు త్యాగం చేసి, దాన్ని ఏడాది పొడవునా గుర్తు చేసేవాళ్లం. ఈసారి పొద్దున్న అతను డ్యామ్‌కి, నేను ఆనెగొందికి. మధ్యాహ్నం కమలాపురం మ్యూజియం దగ్గర కలుసుకుందామని రాసుకున్నాం. తీరా చూస్తే మ్యూజియానికి శుక్రవారం సెలవు. మేం దిగేది శుక్రవారమే. ఏనుగుల శాల ముందు అని అతనంటున్నాడు, హజారరామాలయం అని నేనంటున్నాను. ఇంకా తేలలేదు.