గడ్డి వంతెనకు దండం

గడ్డిపోచా, నీకు దండం. ఆండీస్ కొండల మీద, 3,700 మీటర్ల ఎత్తున, చలిగాలికి వంగి మళ్లీ లేచే కోయా గడ్డివి నువ్వు. నిన్ను నమ్ముకుని మనుషులు లోయ దాటారు. ఐదు వందల ఏళ్లకు పైగా దాటుతూనే ఉన్నారు.

పెరూ దేశం, కుస్కో ప్రాంతం. అమెజాన్‌ను వెతుక్కుంటూ అపురిమాక్ నది రాళ్లను కోసుకుపోయే ఇరుకు లోయ. ఆ లోయకు అడ్డంగా వేలాడే కెస్వచాకా వంతెనా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాదాపు 28 మీటర్లు నువ్వు! అడుగున నాలుగు మోకులు, చేతికి ఆసరాగా రెండు. బరువంతా మోసేది గడ్డే.

నిన్ను పేనే చేతులకు దండం. గడ్డి కోసి, నానబెట్టి, రాళ్లతో దంచి మెత్తన చేస్తారు. లోయ అంచున కూర్చున్న ఆడవాళ్లు రెండు అరచేతుల మధ్య పోచకు పోచ అందిస్తూ పురి ఎక్కిస్తారు. వేలెడు లావు లేని తాడు ఒళ్లోంచి పాకి పక్కన చుట్ట చుట్టుకుంటుంది. ఇంటింటికీ ఇంత తాడని వంతు ఉంది. ఆ సన్నతాళ్లను మగవాళ్లు బారుగా పరిచి, గుత్తులుగా కలిపి మళ్లీ పేనుతారు. అలా లావెక్కిన పాయలను జడలా అల్లితే మోకు. దాన్ని ఎత్తాలంటే వరసగా నిలబడి భుజాలు కలపాలి. విడిగా లాగితే పుటుక్కున తెగే పోచ, పురిలో పడ్డాక, లాగేకొద్దీ పక్క పోచను గట్టిగా కరుచుకుంటుంది. ఎంత గొప్ప విద్య ఇది! ఇనుప పనిముట్టు లేకుండా, చక్రాల బండి లేకుండా, వేల కిలోమీటర్ల దారులు వేసిన ఇంకాలు, ఒకప్పుడు ఈ కొండలను ఏలినవాళ్లు, ఆ దారులను నదుల మీదుగా ఇలాగే కలిపారు.

తాడంటే వాళ్లకు ఎంత ప్రాణమో! లెక్కలు కూడా తాళ్లకే అప్పగించారు. కిపు అనే ఆ ముడుల తాడులో ఒకట్లకో చోటు, పదులకో చోటు, వందలకో చోటు. సున్నా ఉన్న చోట ముడి వేయకుండా ఖాళీగా వదిలేశారు. ఆ అంకెల పద్ధతిని లెలాండ్ లాక్ 1912లో విప్పి చూపాడు. మిగిలిన ముడులు ఏం చెబుతున్నాయో పండితులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఈ వంతెన కోసం ఏటా జూన్‌లో నాలుగు ఊళ్లు కదిలి వస్తాయి: వించిరి, చౌపిబాండా, చొక్కయ్వా, కొల్లానా కెవే. ముందుగా భూమాత పచమామాకూ కొండ దేవుళ్లకూ మొక్కు. తర్వాత మూడు రోజుల పని, నాలుగో రోజు ఆటపాటల పండుగ. కొత్త మోకులు కట్టడానికి ముందు పాత వంతెనను కోసి నదిలో వదిలేస్తారు. నిరుడు తమ చేతులతో పేనినదాన్నే! ఆ కోత తలుచుకుంటే నా మనసు అక్కడే నిలబడిపోతుంది. దాచుకునే ఆశ లేదు వాళ్లకు. మళ్లీ పేనగలమన్న ధీమా ఉంది. పక్కనే ఇనుప వంతెన ఉంది, బండ్లు దాని మీదే పోతాయి. అయినా గడ్డి కోయడం మానలేదు. ఆ నేర్పునూ ఆ ఆచారాలనూ యునెస్కో 2013లో మానవాళి వారసత్వంగా గుర్తించింది.

మహమ్మారి వచ్చి 2020లో పని ఆగింది. 2021 మార్చిలో వంతెన తెగి నదిలో పడింది. జూన్ వచ్చేసరికి ఊళ్లు మళ్లీ లోయ అంచున కూర్చున్నాయి, మళ్లీ అరచేతులు కదిలాయి, మళ్లీ వంతెన లేచింది.

బందీగా చిక్కిన ఇంకాల రాజు అటవాల్పా తన విడుదల కోసం గది నింపి ఇచ్చిన బంగారాన్ని స్పెయిన్ వాళ్లు కరిగించి పంచుకున్నారు. పిల్లలకు ఇంకాల కథ చెప్పేటప్పుడు ఆ బంగారం దగ్గరే ఆపేయకండి. ఈ గడ్డి గురించీ చెప్పండి.