మల్లన్న ఏనుగెక్కుడేంది?

కొంగరకలాన్‌కు 2022లో రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ వచ్చింది. మరుసటి ఏడు ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి పునాది పడింది. అయినా ఆ కలెక్టరేట్‌కు పోయి అర్జీ కింద వేలిముద్ర వేసే ఆడవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వాళ్లలో కొందరిని సాయంత్రాలు కూర్చోబెట్టి చదివిస్తుంటాను.

గుణింతాలు పట్టుబడ్డాకే అసలు తిప్పలు మొదలవుతాయి. పరిశుభ్రత మీద పాఠం ముందు పెడితే రెండు వాక్యాలకే వంట గుర్తొచ్చి లేస్తారు. అదే ఒగ్గు కథలో విన్న మల్లన్న కథను పెద్ద అక్షరాల్లో రాసిస్తే కదలరు. మల్లన్న భార్య ‘మేడలమ్మ’ పేరులో మొదటి రెండక్షరాలు కూడబలుక్కునేసరికి మిగతాది నోటికొచ్చేస్తుంది. కన్ను తడబడ్డ చోట చెవి అందుకుంటుంది.

మరి అది చదవడమా, అప్పజెప్పడమా? కాగితం తలకిందులుగా పట్టుకున్నా కథ ఆగదు! అందుకే కావాలనే ఒక మాట మారుస్తాను. గుర్రం ఉండాల్సిన చోట ఏనుగును పెడతాను. చాలామంది గుర్రమనే చదివి ముందుకు పోతారు. ఒకామె మాత్రం వేలు అక్కడే ఆపి, “మల్లన్న ఏనుగెక్కుడేంది బిడ్డా? తప్పు రాసినవ్” అని దబాయించింది. ఆమెకు చదువు వచ్చేసినట్టే.

తెలిసిన కథ అంటే దేవుడి కథే కానక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో కొత్తగా చదువు నేర్చినవాళ్ల ముందుకు ‘సీతమ్మ కథ’ వచ్చింది. మొగుడి తాగుడు భరించలేక ప్రాణం తీసుకున్న ఆడమనిషి కథ. ఏ పురాణంలోనూ లేదు, ప్రతి గడపకూ తెలుసు. అదే జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి సారా దుకాణం మూయిస్తే, ఆ సంగతి ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్లకు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. అంతా పాఠమే చేసిందనను. కడుపుమంట ముందే ఉంది, అచ్చులో చూసుకున్నాక అది తమ ఒక్కరిదే కాదని తెలిసింది.

అందుకే మల్లన్న తర్వాత ఇక్కడ భూమి కథ ఎత్తుకున్నాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఏ ఎకరం ఎప్పుడు ఎంతకు పోయిందో వీళ్లకు నోటిలెక్క. వాళ్లు చెబుతుంటే రాసుకుని, మళ్లీ వాళ్లకే చదవడానికి ఇస్తున్నాను. ఇందులో మాట మార్చే పని పెట్టుకోను. లెక్కలో రూపాయి తేడా వచ్చినా నా చేతిలో పెన్ను లాక్కుంటారు.