గంటలు దాచుకోలేం

ఈ వారం మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. పీహెచ్‌డీ చేస్తోంది. ఎగువన కురిసిన వాన ఎంతసేపటికి గోదాట్లో కలుస్తుందో సూపర్ కంప్యూటర్ మీద లెక్కకట్టడం ఆమె పని. వాళ్ల బృందం మొత్తానికి ఒకటే ఖాతా. ఏడాదికని ఇచ్చిన గంటల్లో సగానికి పైగా తోటి విద్యార్థి తొలి నెలల్లోనే వాడేశాడట. “నా వంతు ఏదీ మామయ్యా?” అంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా జవాబు ముందే తెలుసు. చెరువు నీళ్లయినా, బోరు కరెంటయినా వంతులు కాగితం మీద ఉండాలనే నేనెప్పుడూ అంటాను. వంతులవారీగా నీళ్లు వదిలే వారబందీ లేకపోతే సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు ఏమవుతుందో ఖమ్మం రైతుకు చెప్పక్కర్లేదు. సూపర్ కంప్యూటర్‌కూ అదే లెక్క: లెక్కలు చేసే 48 కోర్లు 10 గంటలు నడిస్తే ఖాతాలోంచి 480 కోర్-గంటలు పోతాయి. తలా ఇన్నని రాసేసుకోండి అన్నాను.

“చెరువులో నీళ్లు వాడకపోతే ఉంటాయి కదా! యంత్రం ఖాళీగా ఉన్న గంట మళ్లీ రాదు” అంది. ఆమెకు అన్యాయం చేసిన పద్ధతి గురించే మాట్లాడుతూ, నా వాదాన్ని ఆమే కొట్టేసింది.

2022 జూలై గుర్తొచ్చింది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ జూలైలో నీరు మూడోదీ దాటి ఇంకా పెరుగుతూనే పోయింది. 16న 71.3 అడుగులు. 1986లో వచ్చిన 75.6 తప్ప అంతకు మించింది మా తరం ఎరగదు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. గోదారి ఎగదన్నడంతో బూర్గంపాడు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ రాత్రులు ఎవరి నోట విన్నా ఒకటే ప్రశ్న: ఇంకెన్ని అడుగులు? సామాన్లు అటకెక్కిస్తే చాలా, ఇల్లే వదలాలా అన్నది ఆ జవాబు మీదే ఉంది. మా ఆకాశం చూస్తే అది దొరకదు. ప్రాణహిత, ఇంద్రావతి పైన కురిసిందే మా మీదికొస్తుంది.

వాతావరణ శాఖ వాడే అంచనా నమూనాలు అప్పట్లో పుణేలోని ప్రత్యూష్, నోయిడాలోని మిహిర్ అనే సూపర్ కంప్యూటర్ల మీద నడిచేవి. 2024 సెప్టెంబరులో అర్క, అరుణిక వచ్చాయి. ఒకటి 11.77 పెటాఫ్లాప్‌లు, రెండోది 8.24. పెటాఫ్లాప్ అంటే సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు. అంత శక్తీ చాలదు. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అంచనా కోసం నేలను విడగొట్టే గడి వెడల్పును 12 కిలోమీటర్ల నుంచి 6కు తగ్గించింది. గడి సగమైతే గడుల సంఖ్య నాలుగింతలవుతుంది. కాలాన్నీ ఇంకా చిన్న ముక్కలుగా నడపాలి గనక పని ఎనిమిదింతల దాకా పెరుగుతుంది. ఆ యంత్రాల మీద రోజువారీ అంచనా ముందు, పరిశోధన తర్వాత. అందరికీ సమానంగా పంచితే వరద వచ్చి పోయాక అంచనా చేతికొస్తుంది.

కాబట్టి తలా ఇంత అన్న నా మాట ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను. యంత్రం మీద పనుల క్యూను నడిపే స్లర్మ్ వంటి సాఫ్ట్‌వేర్‌ను తగినట్టు అమర్చితే, ఈమధ్య ఎక్కువ వాడినవాళ్లను వెనక్కి నెడుతుంది, ఆ పాత వాడకాన్ని రోజులు గడిచేకొద్దీ మరిచిపోతుంది. పెద్ద పని మొదలయ్యేలోపు దొరికే సందులో చిన్న పనిని దూరుస్తుంది కూడా. కానీ ఎంతసేపు పడుతుందో మనం నిజం చెప్పాలి. గడువు దాటితే పనిని మధ్యలో ఆపేస్తుందన్న భయంతో మూడు గంటల పనికి ఇరవైనాలుగు గంటలు అడుగుతారు, ఆ సందులో పట్టక క్యూలోనే మిగులుతారు. ముందు చిన్న నమూనా నడిపి చూసుకోవడం, ఫలితాన్ని మధ్యమధ్యలో భద్రపరచుకోవడం ఆ భయానికి మందు.

ఆ అబ్బాయి ఖాళీ యంత్రాన్ని వాడుకోవడం తప్పు కాదు. ఎవరికీ చెప్పకుండా వాడటం తప్పు. అతనిది బ్యాటరీ పదార్థాల పని, దానికి ఋతువు లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా అమ్మాయికి ఎక్కువ రాయాలి, చలికాలం అతనికి. పదోవంతు ఎవరి పేరా రాయకుండా, ఎగువన కుండపోత పడే రోజులకని ఉంచాలి. వానలు వెనకపట్టాక అది మిగిలితే, ముందు అడిగినవాళ్లు వాడేసుకోవచ్చు. అడిగిన గంటలకూ నిజంగా పట్టిన గంటలకూ తేడా వారానికోసారి అందరూ కలిసి చూసుకోవాలి.